పాత బాకీ పద్దులు: పరపతి నివేదికలోని తప్పులను దిద్దించుకొను విధము

మన సంఘముల సభ్యులు ఋణము కొఱకు బ్యాంకునకు పోయినప్పుడు ఇటీవల తఱచుగా వినుచున్న మాట యొకటి కలదు. “మీ పేర సిబిల్‌లో పాత బాకీ కనబడుచున్నది. అది తేలినదాక కొత్త అప్పు ఈయలేము.” ఈ మాట విని రైతు ఇంటికి తిరిగివచ్చును. ఆ బాకీ యేనాటిదో, తీర్చినదో తీర్చనిదో అతనికే సరిగా జ్ఞాపకముండదు. కొందఱు అది తండ్రితో కలిసి తీసికొన్న పంట ఋణమై యుండునని యూహింతురు. కొందఱు ఎవరికో జామీను నిలిచినట్లు తలచుకొందురు. మఱికొందఱు తాము ఆ బ్యాంకు గుమ్మమే తొక్కలేదందురు. అందఱును తుదకు చేయునది మాత్రము ఒక్కటే, ఊరకుండుట.

భీమునిపట్నము, ఆనందపురము, సబ్బవరము, పరవాడ ప్రాంతముల గ్రామములలో ప్రదర్శన క్షేత్రముల పనిమీద తిరుగునప్పుడు నన్ను ఎరువుల సంగతి కంటె ఈ సంగతియే ఎక్కువగా అడుగుచున్నారు. విశాఖపట్టణము నానాటికి గ్రామముల లోనికి పెరుగుచున్నది. కుమారునికి ఆటో, కుమార్తెకు చదువు, బోరుకు మోటారు, ఇంటికి శ్లాబు, వీనికన్నిటికిని ఋణము కావలెను. ఇంటి పెద్ద పేరనున్న యొక చిన్న పాత పద్దు కుటుంబమంతటికిని దారి కట్టివేయుచున్నది. కావున ఈ నెల పాఠముగా ఆ పద్దును గుఱించి వ్రాయుచున్నాను. చెప్పదలచినది మూడు ముక్కలలో నున్నది. పాత పద్దు కాలము గడచినంత మాత్రమున పోదు. తప్పు పద్దును కాగితములతో దిద్దించుకొనవచ్చును. నిజమైన పద్దును తప్పని చెప్పరాదు, తీర్చవలెను.

పరపతి నివేదిక యననేమి?

సంఘములో ప్రతి సభ్యునికి ఆవర్జాలో నొక పుట యుండును గదా. పరపతి నివేదిక యనునది దేశములోని బ్యాంకులు, ఋణ సంస్థలు అన్నియు కలిసి ఒక మనుష్యునికి వ్రాసిన పుట వంటిది. దీనికి ఆధారమైనది 2005 వ సంవత్సరపు పరపతి సమాచార సంస్థల చట్టము. అది 2006 డిసెంబరు 14వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఈ పని చేయు సంస్థలు నాలుగు కలవు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. వీనిలో మొదట పుట్టినది సిబిల్ యగుటచే జనులు అన్నిటిని ‘సిబిల్’ అనియే పిలుచుచున్నారు. ఋణమిచ్చు సంస్థలన్నియు ఈ నాలుగింటిలోను సభ్యులుగా చేరవలెనని రిజర్వు బ్యాంకు 2015లో ఆజ్ఞాపించెను. కావున ఒకచోట దిద్దిన తప్పు మఱియొకచోట మిగిలి యుండవచ్చును. నాలుగు నివేదికలను చూచుకొనుట మేలు.

ప్రతి సంస్థయు సంవత్సరమున కొకసారి పూర్తి నివేదికను ఉచితముగా ఈయవలెను. ఈ నియమము 2017 జనవరి 1 నుండి కలదు. ఎవరి నివేదికను వారు చూచుకొనుట వలన స్కోరు తగ్గదు. ఈ భయముచే చూడకుండువారు చాలమంది యున్నారు గనుక దీనిని ప్రత్యేకముగా చెప్పుచున్నాను.

నివేదిక చేతికి వచ్చిన తోడనే స్కోరు అంకెను చూచి పుట మూయరాదు. 300 మొదలు 900 వఱకు నుండు ఆ అంకె ఫలితము మాత్రమే. కారణము క్రింది పద్దులలో నుండును. ప్రతి ఖాతా యెదుట ఋణమిచ్చిన సంస్థ పేరు, ఋణము రకము, మీరు సొంతముగా తీసికొన్నారా, ఉమ్మడిగానా, జామీనుదారుగానా యను సంగతి, ఖాతా తెఱచిన తేదీ, కడపటి చెల్లింపు తేదీ, నిలువ బాకీ, రైటాఫ్ చేసిన మొత్తము, ఖాతా స్థితి వ్రాసి యుండును. వీనిని మన సొంత కాగితములతో వరుసగా సరిచూడవలెను.

రైటాఫ్ అనగా మాఫీ కాదు

వార్తాపత్రికలలో “బ్యాంకులు ఇన్ని కోట్ల బాకీలు రద్దు చేసినవి” అని చదివి, మన బాకీ కూడ అట్లే పోయినదని తలచుట పెద్ద పొరపాటు. చిరకాలము రాని బాకీని బ్యాంకు తన ఆస్తుల లెక్కనుండి తీసివేయుటయే రైటాఫ్. అది బ్యాంకు తన లెక్కను సరిచేసికొను పని. ఋణస్థునిపై నున్న హక్కును అది వదలుకొనదు. తప్పిపోయిన గేదెను మందలెక్కలో తీసివేసినంత మాత్రమున ఆ గేదెపై యజమానికి హక్కు పోవునా? ఎక్కడ కనబడినను తోలుకొని రావచ్చును. ఇదియు నట్లే.

నివేదికలో కనబడు నాలుగు మాటలకు భేదము తెలిసికొనవలెను. ‘క్లోజ్డ్’ అనగా బాకీ పూర్తిగా తీరి ఖాతా మూయబడినది. ‘సెటిల్డ్’ అనగా కొంత మొత్తము పుచ్చుకొని మిగిలినది బ్యాంకు వదలుకొన్నది. బాకీ పోవును గాని పేరు పూర్తిగా శుభ్రపడదు. ‘రైటాఫ్’ అనగా బాకీ యింకను నిలిచియున్నది. రైటాఫ్ అయిన పిమ్మట పూర్తిగా కట్టినచో ‘రైటాఫ్ తరువాత క్లోజ్డ్’ అని వ్రాయుదురు. ఇక ‘మాఫీ’ యనునది వేఱు. అందు రైతు బదులు ప్రభుత్వము బ్యాంకునకు సొమ్ము చెల్లించును. మాఫీ యైన ఖాతా రైటాఫ్‌గా కనబడరాదు. కనబడినచో అది తప్పు, దిద్దింపదగినది.

మన జిల్లాలలో ఈ గందరగోళము పుట్టుటకు చరిత్ర కలదు. 2008లో కేంద్ర ప్రభుత్వము వ్యవసాయ ఋణ మాఫీ పథకమును పెట్టెను. 2007 మార్చి 31 లోపల తీసికొని, ఆ డిసెంబరు 31 నాటికి గడువు మీఱి, 2008 ఫిబ్రవరి 29 వఱకు తీరని పంట ఋణములను, అయిదెకరముల లోపు రైతులకు పూర్తిగా మాఫీ చేసిరి. అంతకు మించిన రైతులకు 75 పాళ్లు కట్టినచో 25 పాళ్లు తగ్గించిరి. ప్రతి రైతునకును మాఫీ పత్రము ఈయవలసి యుండెను. 2013లో కంప్ట్రోలరు మఱియు ఆడిటరు జనరలు వారు ఈ పథకమును పరిశీలించి, తాము చూచిన ఖాతాలలో సుమారు మూడవ వంతునకు ఆ పత్రము రైతున కిచ్చినట్లు ఋజువు లేదని వ్రాసిరి. పత్రము లేని రైతు నేడు తన మాఫీని ఎట్లు ఋజువు చేయగలడు?

2014లో మన రాష్ట్ర ప్రభుత్వము కుటుంబమునకు లక్షన్నర వఱకు మాఫీ ప్రకటించెను. చిన్న మొత్తములను ఒక్కసారిగాను, పెద్ద మొత్తములను వార్షిక వాయిదాలలోను చెల్లించు ఏర్పాటు చేసిరి. రైతు తన బాకీ ఆ రోజుననే పోయినదని తలచెను. బ్యాంకు పుస్తకములో మాత్రము సొమ్ము జమపడిన మేరకే తగ్గును. ఇంతకు ముందు 2010లో సూక్ష్మ ఋణ సంస్థలపై రాష్ట్రములో ఆర్డినెన్సు వచ్చినప్పుడు వసూళ్లు నిలిచిపోయి, ఆ ఋణములు పెక్కు రైటాఫ్ అయినవి. నాడు గుంపులో సంతకము చేసిన స్త్రీల పేర ఆ పద్దులు నేటికిని ఉండవచ్చును.

ఏడేండ్ల అపోహ

“ఏడేండ్లు దాటినచో పద్దు దానంతటదియే పోవును” అని కొందఱు చెప్పుచున్నారు. ఇది అమెరికా దేశపు చట్టము నుండి వచ్చిన మాట. అచ్చట నిట్టి బాకీ పద్దును సుమారు ఏడేండ్ల పిమ్మట నివేదికనుండి తీసివేయవలెనని నియమము కలదు. మన దేశములో ఏడేండ్లు అనునది సంస్థలు సమాచారమును తప్పక నిలువయుంచవలసిన కనీస కాలము. కనీసమునకు, గరిష్ఠమునకు గల భేదమును పాఠకులు గమనింతురుగాక. బాకీ తీరనంతకాలము బ్యాంకు ఆ పద్దును పంపుచునే యుండవచ్చును.

కాలదోషము సంగతియు నిట్టిదే. 1963 లిమిటేషను చట్టము ప్రకారము సామాన్యపు బాకీకి మూడేండ్లలోపల దావా వేయవలెను. గడువు దాటినచో దావా హక్కు పోవును గాని, బాకీ యున్నదను నిజము చెఱగదు. పైగా కాలదోషము పట్టిన బాకీని చెల్లింతునని వ్రాసి సంతకము చేసినచో, 1872 కాంట్రాక్టు చట్టము 25వ సెక్షను ప్రకారము ఆ వ్రాత కొత్త ఒడంబడికగా చెల్లును. తాకట్టు ఋణములకును, సహకార సంఘముల వసూళ్లకును వేఱు విధులు కలవు. కావున ఏ కాగితము మీదనైనను చదువక వ్రేలు పెట్టవద్దు.

పాత పద్దులు మూడు విధములు

వివాదము పెట్టుటకు ముందు మీ పద్దు ఏ జాతిదో నిర్ణయించుకొనవలెను. చీడ యేదో తెలియక మందు చల్లినచో మందును పోవును, పంటయు పోవును.

మొదటిది, మనది కాని పద్దు. మన ప్రాంతమున సింహాచలము అప్పన్న పేరు పెట్టుకొనని యిల్లు అరుదు. ఒకే ఊరిలో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు అప్పలనాయుళ్లు, నలుగురు అప్పలనరసమ్మలు నుందురు. పూర్వము పంట ఋణములకు పాన్ సంఖ్య యడుగలేదు. పేరు, ఊరు చూచి కంప్యూటరులో ఎక్కించినప్పుడు ఒకరి బాకీ మఱియొకరి పేర పడుట సహజము. ఇట్టివానిని “ఈ ఖాతా నాది కాదు” అని ఖండింపవలెను. తండ్రిపేరు, పుట్టినతేదీ, ఆధారు, పాన్ వివరములు జతపఱుపవలెను.

రెండవది, మనదే గాని తప్పుగా వ్రాసిన పద్దు. తీర్చినను తీరలేదని, మాఫీ యైనను రైటాఫ్ అని, మొత్తము హెచ్చుగను, ఒకే బాకీ రెండుమార్లుగను వ్రాయుట ఇందు చేరును. బ్యాంకు తన బాకీని వేఱొక సంస్థకు అమ్మినప్పుడు ఇద్దఱును వేర్వేఱుగా చూపు సందర్భములు కలవు. ఇచ్చట రసీదు, పాసుపుస్తకము, బాకీ లేదను పత్రము, మాఫీ పత్రము ఆయుధములు.

మూడవది, నిజమైన బాకీ. జామీను సంతకము కూడ నిందులోనిదే. ఋణస్థుడు కట్టనిచో జామీనుదారుని నివేదికలో పద్దు పడుట తప్పు కాదు. దీనిని ఖండించుటవలన ప్రయోజనము లేదు. బ్యాంకువారు లెక్క సరియేయని జవాబిత్తురు, పద్దు నిలుచును. దీనికి తీర్చుటయే మార్గము.

తండ్రి ఒక్కడే తీసికొన్న ఋణము, సంతకము లేని కుమారుని నివేదికలో నుండరాదు. వారసుడు తనకు వచ్చిన ఆస్తి మేరకే తండ్రి బాకీకి బాధ్యుడు. అట్టి పద్దు కుమారుని పేర కనబడినచో మొదటి జాతిలో చేర్చి ఖండింపవలెను.

బ్యాంకు పేరు మారినచో ఎవరి నడుగవలెను?

పాత కాగితముపై నున్న బ్యాంకు నేడు లేకపోవచ్చును. దీనిచే రైతు దిగులుపడి మానుకొనుచున్నాడు. శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసినది. ఆ బ్యాంకు యొక్క మన రాష్ట్రపు శాఖలు 2025 మే 1 నుండి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో నున్నవి. ఆంధ్రా బ్యాంకును, కార్పొరేషన్ బ్యాంకును 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసినవి. విజయా బ్యాంకు 2019 ఏప్రిల్ 1న బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసినది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు 2017 ఏప్రిల్ 1న భారత స్టేట్ బ్యాంకులో చేరినది. పాత బ్యాంకు ఖాతాలతో పాటు బాధ్యతయు కొత్త బ్యాంకునకు వచ్చును. కావున ఉత్తరము కొత్త బ్యాంకునకు వ్రాసి, అందు పాత బ్యాంకు పేరు, పాత శాఖ పేరు, పాత ఖాతా సంఖ్య స్పష్టముగా పేర్కొనవలెను. 2022లో జిల్లా విడిపోయి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఏర్పడినవి గనుక చిరునామాలో పాత జిల్లా, కొత్త జిల్లా రెండును వ్రాయుట మంచిది.

ఇంకొక సంగతి. బ్యాంకులు తమ పుస్తకములను శాశ్వతముగా దాచవలెనని చట్టము లేదు. 1985 నియమముల ప్రకారము కొన్నిటిని అయిదేండ్లు, మఱికొన్నిటిని ఎనిమిదేండ్లు ఉంచవలెను. పాత బాకీ విషయమున మన ట్రంకుపెట్టెలోని కాగితము బ్యాంకు ఆవర్జా కంటె ఎక్కువకాలము బ్రతుకవచ్చును.

వివాదము పెట్టు క్రమము

ఒకటి. నివేదికను అచ్చుతీయించి, తప్పు పద్దు క్రింద గీత గీయుడు. నివేదికపై నుండు సంఖ్యను, తేదీని వ్రాసికొనుడు.

రెండు. పరపతి సంస్థకు వారి వెబ్‌సైటు ద్వారా గాని, ఉత్తరము ద్వారా గాని వివాదము పంపుడు. దీనికి రుసుము లేదు. ఫిర్యాదు సంఖ్యను భద్రపఱచుడు.

మూడు. అదే దినమున ఋణమిచ్చిన బ్యాంకునకును వ్రాయుడు. పరపతి సంస్థ తనంతట తాను పద్దును మార్చజాలదు. బ్యాంకు ధ్రువపఱచిన పిమ్మటనే మార్చును. కావున కీలకము బ్యాంకు చేతిలో నున్నది. శాఖలో ఇచ్చిన ఉత్తరము నకలుపై ముద్ర, తేదీ వేయించుకొనుడు. ప్రతి బ్యాంకులోను ఇట్టి విషయములకు నోడల్ అధికారి యుండును; అతనికి నొక ప్రతి పంపుడు.

నాలుగు. గడువు లెక్కించుడు. 30 దినములలో పరిష్కరింపవలెను. అందు మొదటి 21 దినములు బ్యాంకు తన జవాబును పరపతి సంస్థకు పంపుటకు. రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరు 26న జారీచేసి, ఆఱు నెలల పిమ్మట అమలుచేసిన ఉత్తర్వు ప్రకారము, 30 దినములు దాటిన ప్రతి దినమునకు రూ. 100 చొప్పున ఫిర్యాదుదారునకు పరిహార మీయవలెను. ఆలస్యము చేసినవారు బ్యాంకైన బ్యాంకు, పరపతి సంస్థయైన ఆ సంస్థ చెల్లించును. కోరిక త్రోసివేసినచో కారణము తెలుపవలెను.

అయిదు. జవాబు రానియెడల, లేక వచ్చిన జవాబు న్యాయము కానియెడల, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు ఫిర్యాదు చేయవచ్చును. దానికిని రుసుము లేదు, వకీలు అక్కఱలేదు. పరపతి సంస్థలు 2022 సెప్టెంబరు 1 నుండి, రాష్ట్ర సహకార బ్యాంకులు, జిల్లా కేంద్ర సహకార బ్యాంకులు 2025 నవంబరు 1 నుండి ఈ పరిధిలోనికి వచ్చినవి. ప్రాథమిక సంఘముతోనే తగవు వచ్చినచో 1964 సహకార సంఘముల చట్టము 61వ సెక్షను ప్రకారము సహకార శాఖాధికారులను ఆశ్రయింపవలెను.

ఉత్తరము దీర్ఘముగా నుండనక్కఱలేదు. మాదిరి యిది:

“అయ్యా, నా పరపతి నివేదికలో (సంఖ్య, తేదీ) మీ బ్యాంకు ఖాతా సంఖ్య ఫలానా, రూ. ఇంత రైటాఫ్ అని యున్నది. ఇది పూర్వము ఫలానా బ్యాంకు, ఫలానా శాఖలోని ఖాతా. ఈ బాకీ ఫలానా తేదీన తీరినది. అందుకు రసీదు నకలు జతపఱచితిని. కావున ఖాతాను క్లోజ్డ్ అని, నిలువ సున్న అని సరిచేసి నాలుగు పరపతి సంస్థలకును తెలుప గోరుచున్నాను. త్రోసివేయునెడల కారణమును వ్రాతమూలముగా తెలుప ప్రార్థన.”

నా యనుభవము

ఈ సంగతులను నేను కాగితములు చూచి మాత్రమే వ్రాయుట లేదు. 2024 జూనులో మా పెద్దమ్మాయికి నర్సింగు కళాశాలలో సీటు వచ్చెను. విద్యాఋణమునకు తండ్రిగా నేనును సంతకము చేయవలసి యుండెను. మేనేజరుగారు నా నివేదికను చూచి, ఏమియు ననక ఆ కాగితమును నావైపు త్రిప్పిరి. అందు రెండు పాత పద్దులు రైటాఫ్ అని యుండెను.

మొదటిది 2005లో మా నాన్నగారును నేనును కలిసి చెఱకుకు తీసికొన్న ఋణము, రూ. 23,600. మాకు రెండెకరములే. ఆ బాకీ 2008లో మాఫీ యైనది. నాన్నగారు మాఫీ పత్రమును ట్రంకుపెట్టెలో దాచిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానులో మా పెంకులు లేచిపోయి పెట్టె తడిసినది. పత్రము అంచులు చిరిగినను ఖాతా సంఖ్య, ముద్ర నిలిచినవి. రెండవది 2011లో మా పొరుగు రైతు మోటారు ఋణమునకు నేను పెట్టిన జామీను సంతకము, రూ. 31,200. అతడు కట్టలేదు, నేను అడుగలేదు.

నగరములో నొక ఏజెంటు రూ. 6,000 ఇచ్చినచో రెండును శుభ్రము చేయుదుననెను. ఎట్లనగా, “రెండును మీవి కావని వ్రాసిపెట్టుదము” అనెను. చిన్ననాడు మిషను పాఠశాలలో మాకు లెక్కలు చెప్పిన మాస్టారు, తప్పు అంకెను గీకి చెఱిపినవానికి సున్న వేసి, దానిపై ఒక్క గీత గీసి ప్రక్కన సరియైన అంకె వేసినవానికి మార్కు లిచ్చెడివారు. అది జ్ఞాపకము వచ్చి ఏజెంటునకు నమస్కరించి లేచితిని.

జూలై 3న నేనే మొదటి పద్దుపై వివాదము పెట్టితిని. తొందరలో నిలువ తప్పు అని మాత్రము వ్రాసి, పత్రము జతచేయలేదు. 24వ దినమున “బ్యాంకువారు తమ లెక్క సరియే యనిరి, మార్పు లేదు” అని జవాబు వచ్చెను. ఈలోపల కళాశాల రుసుము గడువు వచ్చెను. నా భార్య మాటాడక గాజులు తీసి బల్లమీద పెట్టెను. సంఘములో వానిని కుదువపెట్టి రుసుము కట్టితిమి.

జూలై 31న మరల వివాదము పెట్టి, ఈసారి మాఫీ పత్రము నకలుతో శాఖకును, నోడల్ అధికారికిని ఉత్తరములు వ్రాసితిని. శాఖవారు పాత పుస్తకములు తమయొద్ద లేవనిరి. “పుస్తకము మీయొద్ద లేనిచో బాకీ యున్నదని దేనిని చూచి వ్రాసినారు?” అని అడిగితిని. 41వ దినమున, సెప్టెంబరు 10న, ఖాతా క్లోజ్డ్ అని, నిలువ సున్న అని మారెను. పదునొకండు దినముల ఆలస్యమునకు రూ. 1,100 నా ఖాతాలో జమపడెను. గాజుల మీద వడ్డీ అంతకంటె ఎక్కువ యైనది. మొదటిసారియే పత్రము జతచేసి యుండినచో ఆ వడ్డీ తప్పెడిది.

రెండవ పద్దును నేను ఖండింపలేదు. పొరుగువాడు ఇప్పుడు ఓడరేవులో కూలిపని చేయుచున్నాడు. పోయి మాటాడితిని. అతడు తలవంచుకొని రూ. 12,000 తెచ్చెను. బ్యాంకువారు రూ. 18,000 కట్టినచో సెటిల్ చేయుదుమనిరి. మేము మిగిలిన రూ. 19,200 కలిపి పూర్తిగా కట్టి, ‘రైటాఫ్ తరువాత క్లోజ్డ్’ అని వ్రాయించుకొంటిమి. అతడు నెలకు వేయి చొప్పున నాకు తీర్చుచున్నాడు. అందఱికిని పూర్తిగా కట్టుట సాధ్యముకాదు. సాధ్యముకానప్పుడు సెటిల్‌మెంటు చేసికొనుట, ఊరకుండుట కంటె మేలే. కాని ‘సెటిల్డ్’ అను మాట మిగులునని తెలిసి చేయవలెను. అక్టోబరులో అమ్మాయికి ఋణము వచ్చెను.

సంఘములు చేయదగిన పని

2022 జూను 29న కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక సంఘముల లెక్కలను కంప్యూటరులలోని కెక్కించుటకు రూ. 2,516 కోట్లతో పథకమును అంగీకరించినది. పాత చేతివ్రాత ఆవర్జాలోని నిలువలు కంప్యూటరులోని కెక్కునప్పుడు, ఆవర్జాలోని తప్పును అందులోని కెక్కును. కావున ప్రతి సంఘమును సభ్యుల నిలువలను పేరు పేరున చదివి వినిపించి, ఒప్పుకొన్న పిమ్మట సంతకము తీసికొనవలెను. బాకీ తీర్చిన దినముననే బాకీ లేదను పత్రము ఈయవలెను. ఏటేట నొక ఆదివారము సంఘ కార్యాలయమున ఫోను తెలిసిన యువకులను కూర్చుండబెట్టి, సభ్యులకు ఉచిత నివేదికలను తీసి యీయవచ్చును. ఇందుకు ఖర్చు లేదు.

ఋణము అవసరమైనప్పుడు నివేదికను వెదకుట, నీరు కావలసినప్పుడు బావి త్రవ్వుట వంటిది. విత్తులు చల్లుటకు ఆఱు నెలల ముందే చూచుకొన్నచో తప్పు దిద్దుటకు వ్యవధి యుండును.

సభలలో చర్చించుటకు ప్రశ్నలు

1. రైటాఫ్, సెటిల్‌మెంటు, మాఫీ, క్లోజ్డ్ — వీనికి గల భేదమేమి?

2. పాత బ్యాంకు వేఱొకదానిలో కలిసినప్పుడు ఉత్తరము ఎవరికి వ్రాయవలెను? అందేమి పేర్కొనవలెను?

3. బ్యాంకు, పరపతి సంస్థ ఎన్ని దినములలో జవాబీయవలెను? ఆలస్యమైనచో ఏమి లభించును?

4. మీ యింటి పెట్టెలో ఏయే బాకీల రసీదులున్నవి? ఏవి లేవు? ఈ నెలలోనే వెదకి వ్రాసికొనుడు.